ఆఫీసు నెట్‌వర్క్‌లో గడియారాలన్నీ ఒకే టైము చూపించాలంటే: ఎన్‌టీపీ సెటప్, తప్పులు పట్టుకునే తీరు

కంప్యూటర్ లోపల టైము లెక్కపెట్టేది ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. మదర్‌బోర్డు మీది గడియారం చిప్‌కి సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం ఉంటుంది. తయారీలో తేడా, గది వేడి కలిసి అది పది లక్షలకు 20 వంతులు అటో ఇటో తప్పడం మామూలే. చూడ్డానికి చాలా తక్కువ. కానీ రోజుకు 86,400 సెకన్లు కాబట్టి రోజుకు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైన తేలుతుంది. పది లక్షలకు 100 వంతులు తప్పే స్ఫటికమైతే రోజుకు 8.6 సెకన్లు. ఒక మెషీన్ ముందుకు పరిగెత్తి, ఇంకోటి వెనకబడితే రెండింటి మధ్య తేడా అంతకు రెట్టింపు. నెట్‌వర్క్ మీద సర్వర్‌ని టైము అడిగి ఈ తేడాని సరిచేసే పద్ధతే ఎన్‌టీపీ.

దీనివల్ల దెబ్బతినేవి చాలానే ఉన్నాయి. విండోస్ డొమైన్ లాగిన్‌కి వాడే కెర్బరోస్ 5 నిమిషాలు దాటిన తేడాని ఒప్పుకోదు. పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ అవదు. ఫోన్‌లో 30 సెకన్లకోసారి మారే ఓటీపీ కోడ్ సర్వర్ గడియారంతో కలవకపోతే చెల్లదు. వెబ్‌సైట్ సర్టిఫికెట్లు ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అంటాయి. అన్నిటికన్నా ఇబ్బంది లాగ్‌లతో. ఫైర్‌వాల్, సర్వర్, కెమెరా తలో టైము రాసి ఉంటే చొరబాటు ఎక్కడ మొదలై ఎటు పోయిందో వరస కట్టడం కుదరదు.

మన దేశంలో ఇది చట్టం అడిగే పని కూడా. ఐటీ చట్టం 70బి సెక్షన్ కింద దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ సిస్టమ్‌ల గడియారాలను ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ (ఎన్‌పీఎల్) ఎన్‌టీపీ సర్వర్లకు గానీ, వాటిని ఆధారం చేసుకున్న సర్వర్లకు గానీ కలపాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి. టైములు కలవని లాగ్‌లతో 6 గంటల్లో పనికొచ్చే రిపోర్టు తయారు చేయడం కష్టం.

కింద చెప్పేది 50 నుంచి 300 మెషీన్లు ఉండే ఆఫీసు, కాలేజీ, ఆసుపత్రి నెట్‌వర్క్‌కి సరిపోయే పద్ధతి. కమాండ్లు పలికే తీరులో తెలుగు లిపిలో ఉన్నాయి, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి; ఏషియా, కోల్‌కతాల మొదటి అక్షరాలూ, పీహెచ్‌సీ అనే మాటా మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ముందు యూటీసీ సంగతి

ఎన్‌టీపీ పంపేది ఎప్పుడూ యూటీసీ టైమే, అంటే ప్రపంచమంతటికీ ఒకటిగా ఉండే ప్రామాణిక టైము. కంప్యూటర్ లోపల నడిచేదీ అదే. భారత కాలమానం, అంటే కాకినాడ జిల్లా మీదుగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు కలిపిన టైము, తెర మీద చూపించేటప్పుడు మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఇది మనసులో పెట్టుకుంటే సగం గొడవలు తీరిపోతాయి. గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తప్పు చూపిస్తుంటే ఎన్‌టీపీ సర్వర్‌ని మార్చి లాభం లేదు, టైమ్‌జోన్ చూడాలి.

లైనక్స్‌లో టైమ్‌జోన్ పెట్టడానికి:

టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా

ఎవరు ఎవరిని అడగాలి

ఎక్కువగా కనిపించే తప్పు, ప్రతి మెషీన్‌నీ నేరుగా ఇంటర్నెట్ సర్వర్‌కి కలపడం. 200 మెషీన్లు ఒకే నెట్ లైను మీద తలోసారి బయటికి అడుగుతాయి. లైను పడిపోతే ఏ మెషీన్ దారి దానిది. అసలు కావలసింది, నిజమైన టైముకి మైక్రోసెకను దగ్గరగా ఉండటం కాదు. మన మెషీన్లన్నీ ఒకదానితో ఒకటి కలవాలి, ఆ కలిసిన టైము నిజమైన టైముకి కొన్ని మిల్లీసెకన్ల లోపు ఉండాలి. అందుకే లోపల మూడు టైమ్ సర్వర్లు పెట్టి, అవి మాత్రమే బయటికి వెళ్లేలా, మిగతావన్నీ ఆ మూడింటినే అడిగేలా చేయాలి.

మూడే ఎందుకు? సర్వర్ ఒక్కటే ఉంటే అది తప్పు చెప్పినా నమ్మాల్సిందే. రెండుంటే మాట కలవనప్పుడు ఎవరిది నిజమో తేల్చే మూడో సాక్షి ఉండడు. నిజానికి ఒక్కటి ఉన్నప్పటికన్నా ఇది అధ్వాన్నం, మెషీన్ రెండింటినీ పక్కన పెట్టేయవచ్చు. మూడుంటే తప్పు చెప్పే ఒకటి బయటపడుతుంది. నాలుగుంటే ఒకటి ఆగిపోయినా ఈ రక్షణ మిగులుతుంది.

ఈ పనికి కొత్త యంత్రాలు కొనక్కర్లేదు. ఉన్న లైనక్స్ సర్వర్లలో మూడు చాలు, డీఎన్ఎస్ (పేర్లని అడ్రసులుగా మార్చే సర్వీస్) నడిపేవైతే మంచిది. వర్చువల్ మెషీన్లు (వీఎంలు, అంటే ఒకే యంత్రంలో సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్లు) కాకుండా విడి మెషీన్లు ఎంచుకోండి, కనీసం రెండైనా. ఈ ఉదాహరణలో వాటి అడ్రసులు 192.168.10.5, 192.168.10.6, 192.168.10.7.

టైమ్ సర్వర్ సెటప్

వాడే ప్రోగ్రామ్ క్రోనీ. పాత ఎన్‌టీపీడీ కన్నా త్వరగా కుదురుకుంటుంది, నెట్ వచ్చిపోతున్నా తట్టుకుంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ‘డీఎన్ఎఫ్ ఇన్‌స్టాల్ క్రోనీ’, ఉబుంటు, డెబియన్‌లలో ‘ఏపీటీ ఇన్‌స్టాల్ క్రోనీ’. సెట్టింగుల ఫైలు రెడ్‌హ్యాట్‌లో ఈటీసీ ఫోల్డర్‌లోనే క్రోనీ.కాన్ఫ్ పేరుతో ఉంటుంది. ఉబుంటులో ఈటీసీ లోపల క్రోనీ అనే ఇంకో ఫోల్డర్‌లో ఉంటుంది. ముందున్న పూల్, సర్వర్ వరసలు తీసేసి ఇవి రాయండి:

సర్వర్ సమయ్1.ఎన్ఐసీ.ఇన్ ఐబర్స్ట్
సర్వర్ సమయ్2.ఎన్ఐసీ.ఇన్ ఐబర్స్ట్
సర్వర్ టైమ్.ఎన్‌పీఎల్ఇండియా.ఓఆర్‌జీ ఐబర్స్ట్
పూల్ ఇన్.పూల్.ఎన్‌టీపీ.ఓఆర్‌జీ ఐబర్స్ట్ మ్యాక్స్‌సోర్సెస్ 2 నోసెలెక్ట్
పీర్ 192.168.10.6
పీర్ 192.168.10.7
డ్రిఫ్ట్‌ఫైల్ /వార్/లిబ్/క్రోనీ/డ్రిఫ్ట్
మేక్‌స్టెప్ 1.0 3
ఆర్‌టీసీసింక్
అలౌ 192.168.10.0/24
లోకల్ స్ట్రేటమ్ 10 ఆర్ఫన్

పూల్ అంటే చాలామంది కలిసి నడిపే బయటి ఎన్‌టీపీ సర్వర్ల గుంపు, పీర్ అంటే ఒకదాని టైము ఒకటి చూసుకునే పక్క సర్వర్. ఇది 10.5 మీద రాసే ఫైలు. 10.6, 10.7 మీద పీర్ వరసల్లో మిగతా రెండు అడ్రసులు వస్తాయి.

‘ఐబర్స్ట్’ పెడితే మొదట్లో నాలుగైదు ప్యాకెట్లు రెండేసి సెకన్ల తేడాతో పంపి, కొద్ది సెకన్లలోనే టైము పట్టుకుంటుంది. ‘నోసెలెక్ట్’ ఉన్న సర్వర్లకి ఓటు లేదు, టైము వాటిని బట్టి మారదు. ఎన్ఐసీ, ఎన్‌పీఎల్ చెప్పేదానికీ బయటి వాళ్లు చెప్పేదానికీ తేడా ఎంతుందో మనం చూసుకోవడానికి మాత్రం పనికొస్తాయి. ‘మేక్‌స్టెప్ 1.0 3’ అంటే సర్వీస్ మొదలయ్యాక మొదటి మూడు సవరణల్లో తేడా 1 సెకను దాటితే ఒక్క గెంతులో సరిచేయమని. ఆ తర్వాత గెంతులు ఉండవు, గడియారాన్ని కాస్త వేగంగానో నెమ్మదిగానో నడిపి సర్దుతుంది. ‘డ్రిఫ్ట్‌ఫైల్’ అంటే స్ఫటికం ఎంత తప్పుతోందో క్రోనీ రాసి దాచుకునే ఫైలు. ‘ఆర్‌టీసీసింక్’ మదర్‌బోర్డు గడియారాన్ని కూడా సరిచేస్తూ ఉంటుంది, కరెంటు పోయి వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది.

చివరి వరస గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. స్ట్రేటమ్ అంటే అసలైన గడియారానికి ఎన్ని మెట్ల దూరంలో ఉందో చెప్పే అంకె. బయటి లైను పడిపోయినప్పుడు మూడు సర్వర్లూ తమలో ఒకదాన్ని పెద్దగా ఎంచుకుని, లోపలి వాళ్లకు టైము ఇస్తూనే ఉంటాయి. అప్పుడు మొత్తం నెట్‌వర్క్ కలిసికట్టుగా మెల్లగా జరుగుతుంది గానీ విడిపోదు. ‘ఆర్ఫన్’ అనే మాట మర్చిపోతే మూడూ ఎవరికి వారే పెద్దలవుతారు. పీర్ వరసలు లేకపోయినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే పక్క సర్వర్ ఉన్నట్టే వాటికి తెలియదు.

‘అలౌ’ వరసలో మీ లోపలి నెట్‌వర్క్ మాత్రమే ఉండాలి. ఇంటర్నెట్ మొత్తానికీ తెరిస్తే, దొంగ అడ్రసుతో చిన్న ప్యాకెట్ పంపి పెద్ద జవాబుని ఇంకొకరి మీదికి మళ్లించే దాడుల్లో మీ సర్వర్ పనిముట్టు అయ్యే ప్రమాదం ఉంది. పాత ఎన్‌టీపీడీలో మాన్‌లిస్ట్ అనే సౌకర్యాన్ని 2013, 2014లో ఇలాగే పెద్ద ఎత్తున వాడుకున్నారు.

ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టు తెరవాలి. టీసీపీ తెరిచి ‘పని చేయట్లేదు’ అనుకునేవాళ్లు చాలామంది. రెడ్‌హ్యాట్‌లో:

ఫైర్‌వాల్-సీఎండీ --పర్మనెంట్ --యాడ్-సర్వీస్=ఎన్‌టీపీ
ఫైర్‌వాల్-సీఎండీ --రీలోడ్

బయటి ఫైర్‌వాల్‌లో ఈ మూడు అడ్రసుల నుంచి మాత్రమే 123 బయటికి పోనివ్వండి. మిగతావాటిని ఆపి, ఆపినవాటి లాగ్ ఒక వారం చూడండి. ఎవరికీ చెప్పకుండా బయటి సర్వర్లని అడుగుతున్న ప్రింటర్లు, కెమెరాలు, బయోమెట్రిక్ మెషీన్లు అన్నీ అందులో దొరుకుతాయి.

పని చేస్తోందా? చదవాల్సింది ఇక్కడ

సర్వీస్ రీస్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆగి ‘క్రోనీసీ సోర్సెస్’ కొట్టండి. వరస మొదట్లో రెండు గుర్తులుంటాయి. మొదటిది అవతలిది సర్వరా, పీరా అని చెబుతుంది. రెండోది అసలైనది. నక్షత్రం ఉంటే ఇప్పుడు ఆ సర్వర్‌నే అనుసరిస్తోంది. ప్లస్ ఉంటే దానితో కలిపి లెక్క వేస్తోంది. మైనస్ ఉంటే బాగానే ఉంది కానీ వాడట్లేదు. ప్రశ్న గుర్తు ఉంటే జవాబు రావట్లేదు లేదా నోసెలెక్ట్. ఎక్స్ కనిపిస్తే ఆ సర్వర్ మిగతావాళ్లతో కలవని టైము చెబుతోంది. టిల్డా కనిపిస్తే దాని జవాబులు మరీ ఊగిసలాడుతున్నాయి.

రీచ్ అనే కాలమ్‌ని చాలామంది శాతం అనుకుని పొరబడతారు. అది పది బదులు ఎనిమిది ఆధారంగా (ఆక్టల్‌లో) రాసిన సంఖ్య. చివరి ఎనిమిది ప్రశ్నలకు జవాబు వచ్చిందా లేదా అని ఎనిమిది బిట్లలో దాచుకుంటుంది. 377 అంటే ఎనిమిది ఒకట్లు, అన్నిటికీ జవాబు వచ్చింది. 376 అయితే చివర సున్నా, అంటే ఇప్పుడడిగిన దానికే రాలేదు. 357 అయితే బిట్లు 11101111. చివరి నాలుగూ వచ్చాయి, దానికి ముందుది ఒక్కటి తప్పిపోయింది, కంగారు లేదు. 0 అయితే దారే మూసుకుపోయింది, ఫైర్‌వాల్ చూడాలి. రీచ్ 377 ఉండి గుర్తు ఎక్స్ అయితే నెట్‌వర్క్ తప్పు కాదు, ఆ సర్వర్ టైమే తప్పు.

‘క్రోనీసీ ట్రాకింగ్’ కొడితే ఇంకో పట్టిక వస్తుంది. అందులో సిస్టమ్ టైమ్ అనేది ప్రస్తుతం మిగిలిన తేడా, ఫ్రీక్వెన్సీ అనేది మీ స్ఫటికం పది లక్షలకు ఎన్ని వంతులు తప్పుతోందో. ఫ్రీక్వెన్సీ ప్రతి మెషీన్‌కీ ఒక్కో రకంగా ఉంటుంది. అది 12 అయినా 35 అయినా ఫర్వాలేదు, నిలకడగా ఉంటే చాలు. రోజులో పది, ఇరవై వంతులు ఊగుతుంటే ఏసీ ఆగుతున్న సర్వర్ రూమ్ గానీ, అదే మెషీన్ మీద రెండో టైమ్ ప్రోగ్రామ్ గానీ కారణం. రూట్ డిలేలో (అసలు గడియారం దాకా రానుపోను ఆలస్యంలో) సగానికి రూట్ డిస్పర్షన్ (దారిలో పోగైన అనిశ్చితి) కలిపితే తప్పు ఎంతకు మించి ఉండదో ఒక హద్దు తెలుస్తుంది.

అవతలి టైము ఎలా తెలుస్తుందంటే

ఈ లెక్క ఒకసారి చేతితో వేస్తే తర్వాత వచ్చే చాలా వింతలు అర్థమవుతాయి. ప్యాకెట్ బయల్దేరిన టైము, సర్వర్‌కి చేరిన టైము, అక్కడ్నుంచి బయల్దేరిన టైము, తిరిగి చేరిన టైము, ఈ నాలుగే సామగ్రి. మన గడియారం 100 మిల్లీసెకన్లు వెనకుందనుకోండి, దారి పోవడానికి 20, రావడానికి 20 మిల్లీసెకన్లు. మనం 0 దగ్గర పంపాం. సర్వర్ గడియారంలో అది 120 దగ్గర చేరింది. 121 దగ్గర జవాబు బయల్దేరి, మన గడియారంలో 41 దగ్గర చేరింది. తేడా: పోయేటప్పటి 120, వచ్చేటప్పటి 121 − 41 = 80, ఈ రెండింటి సగటు 100. సరిగ్గా వచ్చింది.

ఇప్పుడు పోయే దారి 35, వచ్చే దారి 5 మిల్లీసెకన్లు అనుకోండి. రానుపోను మొత్తం అదే 40. సర్వర్‌కి 135 దగ్గర చేరి, 136 దగ్గర బయల్దేరి, మనకు 41 దగ్గరే చేరుతుంది. సగటు (135 + 95) ÷ 2 = 115. గడియారం 15 మిల్లీసెకన్లు తప్పుగా కుదురుకుంటుంది, ప్రోగ్రామ్‌కి అది తెలిసే దారే లేదు. రెండు దారుల తేడాలో సగం ఎప్పుడూ తప్పుగా మిగులుతుంది. అప్‌లోడ్ తక్కువ ఉండే బ్రాడ్‌బ్యాండ్ లైన్ మీద సాయంత్రం బ్యాకప్ నడుస్తుంటే జరిగేది ఇదే. లోపలి ల్యాన్‌లో రానుపోను దూరం ఒక మిల్లీసెకనుకి లోపే, అందుకే లోపలి సర్వర్‌ని అడిగే మెషీన్లకి ఈ బెడద ఉండదు.

మిగతా మెషీన్లు

లైనక్స్ క్లయింట్లలో మూడు వరసలు చాలు: సర్వర్ 192.168.10.5 ఐబర్స్ట్, అలాగే 10.6, 10.7. మేక్‌స్టెప్, డ్రిఫ్ట్‌ఫైల్, ఆర్‌టీసీసింక్ పైన చెప్పినట్టే. అలౌ, లోకల్ వరసలు ఇక్కడ పెట్టకూడదు. క్లయింట్‌లో ‘లోకల్’ ఉంటే సర్వర్లు అందకపోయినా అది తనే సరైనదని చెప్పుకుంటుంది, తప్పు బయటపడదు. సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ ఒక్కటే ఉన్న మెషీన్లు కూడా నడుస్తాయి, కానీ అది మూడు సర్వర్ల మాట పోల్చి చూడదు. డెస్క్‌టాప్‌కి సరే, సర్వర్‌కి వద్దు.

విండోస్ డొమైన్‌లో పని ఇంకా తేలిక, చెయ్యి పెట్టకూడని చోట పెట్టకపోతే. డొమైన్‌లోని ప్రతి కంప్యూటర్ తన డొమైన్ కంట్రోలర్‌ని (లాగిన్లు చూసే సర్వర్‌ని) అడుగుతుంది, కంట్రోలర్లన్నీ పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర ఉన్న కంట్రోలర్‌ని అడుగుతాయి. ఆ ఒక్కదాన్ని మాత్రం మన మూడు సర్వర్లకు కలపాలి. దానిమీద అడ్మినిస్ట్రేటర్‌గా:

డబ్ల్యూ32టీఎం /కాన్ఫిగ్ /మాన్యువల్‌పీర్‌లిస్ట్:"192.168.10.5,0ఎక్స్8 192.168.10.6,0ఎక్స్8 192.168.10.7,0ఎక్స్8" /సింక్‌ఫ్రమ్‌ఫ్లాగ్స్:మాన్యువల్ /రిలయబుల్:యస్ /అప్‌డేట్

తర్వాత డబ్ల్యూ32టైమ్ సర్వీస్‌ని ఆపి మొదలుపెట్టి, ‘డబ్ల్యూ32టీఎం /రీసింక్ /రీడిస్కవర్’ కొట్టండి. అడ్రసుల మధ్య ఖాళీ మాత్రమే ఉండాలి, మొత్తం జాబితా కోట్స్‌లో ఉండాలి. కోట్స్ మర్చిపోతే జాబితా సరిగ్గా ఎక్కదు.

‘డబ్ల్యూ32టీఎం /క్వెరీ /సోర్స్’ అడిగితే మన సర్వర్ అడ్రసు రావాలి. ‘లోకల్ సీమోస్ క్లాక్’ అని వస్తే ఎవరినీ అనుసరించట్లేదు. ‘వీఎం ఐసీ’తో మొదలయ్యే పేరు వస్తే, వీఎంని నడిపే హైపర్-వీ హోస్ట్‌ని అనుసరిస్తోంది. ఆ హోస్ట్ మళ్లీ ఇదే డొమైన్‌లో ఉంటే ఇద్దరూ ఒకరినొకరు అడుగుతూ కలిసి పక్కకు జరుగుతారు. డొమైన్ కంట్రోలర్ వీఎంకి ఇంటిగ్రేషన్ సర్వీసెస్‌లో టైమ్ సింక్రనైజేషన్ టిక్ తీసేయండి. ఎంత తేడా ఉందో కళ్లతో చూడాలంటే ‘డబ్ల్యూ32టీఎం /స్ట్రిప్‌చార్ట్ /కంప్యూటర్:192.168.10.5 /శాంపిల్స్:5 /డేటాఓన్లీ’.

డొమైన్‌లో లేని విడి విండోస్ మెషీన్లకి మాన్యువల్ జాబితా పెట్టి, 0ఎక్స్8 బదులు 0ఎక్స్9 రాసి, స్పెషల్‌పోల్‌ఇంటర్వల్‌ని 3600 సెకన్లు చేయండి. సర్వీస్‌ని ఆటోమేటిక్ చేయడం మరవద్దు, విడి మెషీన్లలో అది మాన్యువల్‌లో ఉంటుంది. మెషీన్లకి అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆప్షన్ 42లో టైమ్ సర్వర్ల అడ్రసులు పెడితే ఐపీ ఫోన్లు, కొన్ని ప్రింటర్లు, లైనక్స్ మెషీన్లు తీసుకుంటాయి. విండోస్ దాన్ని పట్టించుకోదు.

సిస్కో స్విచ్చులకి ‘ఎన్‌టీపీ సర్వర్ 192.168.10.5’ లాంటి మూడు వరసలు, ‘క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30’, లాగ్‌లో టైమ్‌జోన్ కూడా పడేలా ‘సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్ షో-టైమ్‌జోన్’. స్విచ్ కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, వెంటనే కలవలేదని సెట్టింగులు మార్చకండి.

సీసీటీవీ మాత్రం ప్రత్యేకంగా చూడాల్సిన చోటు. ఎన్‌వీఆర్‌లో (కెమెరాల వీడియో దాచే పెట్టెలో) ఎన్‌టీపీ ఆన్ చేసి, సర్వర్ 192.168.10.5, విరామం 60 నిమిషాలు, టైమ్‌జోన్ జీఎంటీ+05:30, డేలైట్ సేవింగ్ ఆఫ్. ఎన్‌వీఆర్ వెనక పోర్టులకే తగిలించిన కెమెరాలకి ఆఫీసు నెట్‌వర్క్ కనబడదు, వాటికి ఎన్‌వీఆరే టైము ఇవ్వాలి. స్విచ్‌కి తగిలించిన కెమెరాకి రెండు దారులూ ఉంటాయి. ఒకటే వాడండి, ఎన్‌వీఆర్ దిద్దే సెట్టింగో, కెమెరాలోని ఎన్‌టీపీనో. రెండూ ఉంటే ఫుటేజ్‌లో సెకన్లు వెనక్కీ ముందుకీ దూకుతాయి. పరీక్షించడానికి ఒక మంచి పద్ధతి: సరైన టైము ఉన్న ల్యాప్‌టాప్‌లో సెకన్లతో సహా పెద్ద గడియారం తెరిచి కెమెరా ముందు పట్టుకోండి. తర్వాత ప్లేబ్యాక్‌లో ఆ తెర మీది టైమూ మూలన ముద్రపడిన టైమూ పక్కపక్కనే కనిపిస్తాయి. సెకను లోపు తేడా ఉంటే సరే.

వర్చువల్ మెషీన్లు, కంటైనర్లు

ఒక వీఎంకి టైము ఒకే చోటు నుంచి రావాలి. లోపల క్రోనీ నడుస్తుంటే వీఎంవేర్ టూల్స్‌లోని టైమ్ సింక్ ఆపేయాలి. లైనక్స్ మీద వీఎంలు నడిపే కేవీఎం అయితే ఇంకో మంచి దారి ఉంది: హోస్ట్‌ని బాగా సరిచేసి, వీఎంలో పీటీపీ_కేవీఎం మాడ్యూల్ ఎక్కించి, క్రోనీలో ‘రిఫ్‌క్లాక్ పీహెచ్‌సీ /డెవ్/పీటీపీ0 పోల్ 2’ రాస్తే వీఎం నేరుగా హోస్ట్ గడియారాన్నే చదువుతుంది.

సస్పెండ్ చేసి రెండు గంటల తర్వాత లేపిన వీఎం రెండు గంటలు వెనక ఉంటుంది. ‘మేక్‌స్టెప్ 1.0 3’లో ఆ మూడు అవకాశాలు ఎప్పుడో అయిపోయాయి కాబట్టి క్రోనీ గెంతదు. ఇలాంటి వీఎంలకి 3 బదులు −1 పెట్టండి, ఎప్పుడైనా గెంతవచ్చు. డేటాబేస్ ఉన్న వీఎంకి మాత్రం −1 పెట్టకండి, దాన్ని సస్పెండ్ చేసే అలవాటే మానుకోవాలి. కంటైనర్లకి వేరే గడియారం లేదు, హోస్ట్ కెర్నెల్‌దే. వాటిలో క్రోనీ పెట్టడం దండగ.

తేడా ఎంతో చూస్తే జబ్బు తెలుస్తుంది

సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు: టైమ్‌జోన్ యూటీసీలో ఉండిపోయింది, లేదా ఒకే మెషీన్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయి. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక టైము రాస్తుంది, లైనక్స్ దాన్ని యూటీసీ అనుకుని చదువుతుంది. విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్ఈజ్‌యూనివర్సల్ అనే విలువను 1 చేసి, రెండింటినీ యూటీసీలోకి తేవడం శుభ్రమైన పద్ధతి.

సరిగ్గా 30 నిమిషాలు వెనక: జాబితాలో ఒక మెట్టు పైనున్న కరాచీ, +5:00 ఎంచుకున్నారు. 30 నిమిషాలు ముందు అయితే ఢాకా, +6:00. 15 నిమిషాలు ముందు అయితే ఖాట్మండు, +5:45. కెమెరాలు, బయోమెట్రిక్ మెషీన్లు, యూపీఎస్ కార్డుల మెనూల్లో వేలు జారితే ఇవే వస్తాయి. సరిగ్గా 1 గంట అయితే డేలైట్ సేవింగ్.

ఏళ్లకి ఏళ్లు వెనక, ఆన్ చేసినప్పుడల్లా: మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. మల్టీమీటర్‌తో చూస్తే కొత్తది 3 వోల్టుల పైన చూపిస్తుంది, 2.7 కన్నా తగ్గితే మార్చేయండి. చిన్న కంప్యూటరైన రాస్ప్‌బెరీ పై 4, అంతకు ముందు బోర్డులకి ఈ గడియారమే లేదు, ఎన్‌టీపీ అందేదాకా వాటి టైముని నమ్మకూడదు.

రోజుకి ఒకటి రెండు సెకన్ల చొప్పున పెరుగుతూ పోతే సర్వీస్ ఆగిపోయింది, స్ఫటికం తన దారిన పోతోంది. అదే ముందుకీ వెనక్కీ దూకుతుంటే ఇద్దరు యజమానులు కొట్టుకుంటున్నారు: క్రోనీతో పాటు టైమ్‌సింక్‌డీ, లేదా క్రోనీతో పాటు వీఎంవేర్ టూల్స్. మిల్లీసెకన్లలో ఒకే వైపు నిలకడగా తప్పుంటే దారిలో అసమానత.

సుమారు 19 ఏళ్ల 7 నెలలు వెనక: పాత జీపీఎస్ రిసీవర్. జీపీఎస్ వారాల లెక్క 1024 కాగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్ 6న అలా తిరిగినప్పుడు ఫర్మ్‌వేర్ మార్చని రిసీవర్లు 1999కి వెళ్లిపోయాయి.

నడుస్తున్న డేటాబేస్ సర్వర్ టైము తప్పుగా ఉంటే

ఇక్కడ తొందర పనికిరాదు. గడియారం వెనకుంటే ముందుకు గెంతించడం వల్ల పెద్ద నష్టం లేదు, షెడ్యూల్ చేసిన పనులు కొన్ని ఒకేసారి మొదలవచ్చు, అంతే. ముందున్న గడియారాన్ని వెనక్కి లాగితే మాత్రం కొత్త రికార్డులకు పాత రికార్డుల కన్నా ముందు టైము పడుతుంది. ఏది చివరిదో టైముని బట్టి తేల్చే కసాండ్రా లాంటి డేటాబేస్‌లో కొత్త మార్పు కనబడకుండా పోతుంది.

తేడా ఒకటి రెండు సెకన్లయితే క్రోనీకే వదిలేయండి. గడియారాన్ని వెనక్కి తిప్పకుండా నెమ్మదిగా నడిపి సర్దుతుంది. పాత ఎన్‌టీపీడీ ఇలా సర్దేటప్పుడు పది లక్షలకు 500 వంతుల వేగం దాటదు, 1 సెకను సర్దడానికి 2,000 సెకన్లు పడుతుంది. గడియారం 10 నిమిషాలు ముందుంటే: అప్లికేషన్ ఆపండి, డేటాబేస్ ఆపండి, ‘క్రోనీసీ మేక్‌స్టెప్’ కొట్టండి, ఆపిన క్షణం నాటి తప్పు టైము దాటేదాకా, అంటే మొత్తం 10 నిమిషాల పైన, ఆగండి. అప్పుడు మొదలుపెట్టండి. ఆ పది నిమిషాల ఆగుడు చాలామందికి భారంగా అనిపిస్తుంది, కానీ తలకిందులైన రికార్డులను తర్వాత చేత్తో సరిచేయడం కన్నా చాలా తేలిక.

ఇంటర్నెట్ లేని నెట్‌వర్క్

ఫ్యాక్టరీ కంట్రోల్ నెట్‌వర్క్ లాంటి చోట్ల బయటికి దారి ఉండదు. అక్కడ పీపీఎస్ (సెకనుకొక పల్స్) పిన్ ఉన్న జీపీఎస్ మాడ్యూల్‌ని రాస్ప్‌బెరీ పై బోర్డు జీపీఐఓ 18 పిన్‌కి కలిపి టైమ్ సర్వర్ చేసుకోవచ్చు. సీరియల్ తీగ మీద వచ్చే టైము అక్షరాలు వందల మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తాయి, ఎన్నో సెకను అనేదానికే అవి పనికొస్తాయి. సెకను సరిగ్గా ఎక్కడ మొదలైందో పీపీఎస్ పల్స్ చెబుతుంది. పల్స్ లేని యూఎస్‌బీ డాంగిల్‌తో ఆ కచ్చితత్వం రాదు. యాంటెన్నాకి ఆకాశం కనబడాలి. రేకుల షెడ్డు లోపల, సర్వర్ రూమ్ మూలన పెడితే సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది.

లీప్ సెకను, నిఘా, కరెంటు పోయి వస్తే

లీప్ సెకను అంటే భూమి తిరుగుడుతో కలిసేలా యూటీసీకి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను. చివరిది 2016 డిసెంబర్ 31 చివర కలిపారు. మన దగ్గర అది 2017 జనవరి 1 ఉదయం 5:29:60. 2035 నాటికి ఈ పద్ధతి ఆపాలని 2022లో అంతర్జాతీయంగా నిర్ణయం జరిగింది. అయినా గూగుల్ టైమ్ సర్వర్లని ఎన్ఐసీ, పూల్ సర్వర్లతో కలిపి పెట్టకండి. గూగుల్ లీప్ సెకనుని 24 గంటల మీద పలచగా పరుస్తుంది, మిగతావి ఒకేసారి కలుపుతాయి. ఆ రోజు రెండు గుంపుల మధ్య అర సెకను దాకా తేడా వస్తుంది.

నిఘాకి మూడు హెచ్చరికలు చాలు: తేడా 100 మిల్లీసెకన్లు దాటి 10 నిమిషాలు ఉంటే, లీప్ స్టేటస్ ‘నాట్ సింక్రనైజ్డ్’ అయితే, స్ట్రేటమ్ 10 అంతకు పైన కనిపిస్తే. మూడోది చాలా విలువైనది. మన సర్వర్లు బయటి ఆధారం పోగొట్టుకుని ఆర్ఫన్‌లోకి వెళ్లాయని అదొక్కటే చెబుతుంది. క్లయింట్ల దగ్గర అంతా పచ్చగానే కనిపిస్తుంది.

యూపీఎస్ కూడా అయిపోయి అన్నీ ఒకేసారి లేచే రోజు కోసం వరస ముందే రాసిపెట్టుకోండి: స్విచ్చులు, మూడు టైమ్ సర్వర్లు, వర్చువల్ హోస్ట్‌లు, డొమైన్ కంట్రోలర్, ఆఖరున డేటాబేస్. డేటాబేస్ మొదలయ్యే స్క్రిప్టులో ముందుగా ‘క్రోనీసీ వెయిట్‌సింక్ 30 0.1’ పెడితే, తేడా 0.1 సెకను లోపుకు వచ్చేదాకా పది సెకన్లకోసారి చూస్తూ, ఐదు నిమిషాల దాకా ఆగుతుంది. సెటప్ అయ్యాక ఒక సెలవు రోజున బయటి లైను రెండు గంటలు పీకి చూడండి. మూడు సర్వర్లలో ఒకటి స్ట్రేటమ్ 10 చూపించాలి, మిగతా రెండూ దాన్నే అనుసరిస్తూ 11 చూపించాలి, క్లయింట్ల మధ్య తేడా మిల్లీసెకన్లు దాటకూడదు. మూడూ 10 చూపిస్తే పీర్ వరసల్లో అడ్రసులూ, ఆర్ఫన్ మాటా, సర్వర్ల మధ్య 123 పోర్టూ మళ్లీ చూసుకోవాలి.